ప్లీహకణముల సందేశములు: వానిని వేఱుపఱచి గుర్తించు విధము

మన భాషలో “బల్ల” యను మాటకు కూర్చుండు పీట, వ్రాత మేజా యను అర్థములేగాక మఱియొక అర్థముకూడ కలదు. చలిజ్వరము పలుమాఱులు వచ్చిపోయిన బిడ్డకు ఎడమవైపు ప్రక్కటెముకల క్రింద గట్టిగా చేతికి తగులునట్టి వాచిన ప్లీహమును పెద్దలు బల్ల యనిరి. మలేరియా విరివిగా నుండిన కాలమున నల్లమల యడవుల చెంతనున్న పల్లెలవారికి ఈ మాట క్రొత్తది కాదు.

వైద్యశాస్త్రముకూడ ఈ గుర్తును వాడుకొన్నది. 1840వ సంవత్సరము తరువాతి దశకమున డెంప్‌స్టరు అను వైద్యుడు ఉత్తరదేశమున యమునానది కాలువల వెంబడి గ్రామముల వారి ప్లీహములను నొక్కి చూచి, ఎచ్చట జ్వరబాధ హెచ్చుగా నున్నదో లెక్క కట్టెను. నూఱుగురు పిల్లలలో ఎందఱికి ప్లీహము పెరిగియున్నదను సంఖ్యనుబట్టి ఆ ప్రాంతపు మలేరియా తీవ్రతను నిర్ణయించు పద్ధతి అటుపిమ్మట లోకమంతటను వాడుకలోనికి వచ్చెను.

అయినను ఇచ్చట నొక సంగతి గమనింపదగియున్నది. ప్లీహము మలేరియావలననే వాచునని లేదు. కాలా అజారువలనను, టైఫాయిడువలనను, కొన్ని రక్తవ్యాధులవలనను వాచును. దేహము ఏదో యొక శత్రువుతో పోరాడుచున్నదని బల్ల మనకు చెప్పును గాని ఆ శత్రువు పేరు చెప్పదు. గుర్తు వేఱు, పేరు వేఱు. ఈ భేదము ప్లీహమును పైనుండి నొక్కి చూచునపుడెంత ముఖ్యమో, ప్లీహమునందలి కణములను గాజుపాత్రలో పెంచి అవి వెలువరించు పదార్థములను పరీక్షించునపుడును అంతే ముఖ్యము. ఈ వ్యాసమున ఆ రెండవ సంగతిని వివరింతుము.

ప్లీహము చేయు పని

పెరిగిన మానవునియందు ప్లీహము సుమారు 150 గ్రాముల తూకము గలిగి, జీర్ణకోశమునకు వెనుకభాగమున ఎడమ ప్రక్కను ఉండును. దానికి రెండు పనులు ముఖ్యములు. మొదటిది, రక్తమును వడకట్టి, ముదిసిన ఎఱ్ఱ రక్తకణములను ఏరివేయుట. రెండవది, రక్తములో కొట్టుకొనివచ్చు సూక్ష్మజీవులను పట్టి రోగనిరోధక కణములకు చూపుట. ఈ రెండవ పనికై ప్లీహమునందు లింఫోసైటులను తెల్లకణములు గుంపులు గుంపులుగా కాపురముండును. వీనిలో టి కణములు, బి కణములు అని రెండు పెద్ద తెగలు కలవు. బి కణములు ప్రతిరక్షకములను తయారుచేయును. టి కణములలో కొన్ని ఇతర కణములకు ఆజ్ఞలిచ్చును. కొన్ని రోగము సోకిన కణములను చంపును. వీనితోకూడ సూక్ష్మజీవులను మ్రింగు మ్యాక్రోఫేజి కణములును ఉండును.

ఈ కణములు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు నోరు లేదు. అవి మిక్కిలి చిన్న మాంసకృత్తులను, అనగా ప్రోటీనులను, చుట్టునున్న ద్రవములోనికి విడుచును. ఎదుటి కణము పైపొరయందు ఆ ప్రోటీనుకు తగిన గ్రాహకము ఉండును. బీగమున తాళపుచెవి పట్టినట్లు ప్రోటీను గ్రాహకమున పట్టగానే ఆ కణము పెరుగుటయో, విభజన చెందుటయో, సూక్ష్మజీవులను చంపుటకు సిద్ధపడుటయో జరుగును. ఇట్టి సందేశవాహకములకే సైటోకైనులని పేరు. ఇంటర్‌ఫెరానులు, ఇంటర్‌ల్యూకినులు, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టరు మొదలగునవి ఈ కుటుంబములోనివి.

పాత్రలో ప్రేరేపించుట

ప్రయోగశాలలో ఈ పరీక్షకు సాధారణముగా తెల్ల చుంచెలుక ప్లీహమును వాడుదురు. చిక్కుడుగింజయంతైన లేని ఆ చిన్న అవయవమునుండి సుమారు 10 కోట్ల కణములు లభించును. దానిని సన్నని జల్లెడగుండ మెత్తగా నలిపి కణములను విడదీయుదురు. అమ్మోనియం క్లోరైడు ద్రావణముతో ఎఱ్ఱ కణములను పగులగొట్టి తొలగింతురు. మిగిలిన తెల్లకణములను పోషకద్రవమునందుంచి 37 డిగ్రీల వేడిలో నిలుపుదురు.

ఊరకయున్న కణములు విశేషముగా నేమియు వెలువరింపవు. వానిని ప్రేరేపింపవలెను. ఇందులకు వాడు పదార్థములలో ప్రసిద్ధమైనది కాంకనవాలిన్-ఏ. ఇది మన తమ్మకాయకు దగ్గఱి చుట్టమైన యొక చిక్కుడుజాతి గింజలనుండి వచ్చు ప్రోటీను. అమెరికాదేశపు శాస్త్రజ్ఞుడు జేమ్సు సమ్నరు 1919లో దీనిని స్ఫటికరూపమున తీసెను. ఇది టి కణములను లేపును. బాక్టీరియాల పైపొరనుండి లభించు లైపోపాలిసాకరైడు బి కణములను, మ్యాక్రోఫేజులను లేపును. ఆ చుంచెలుకకు పూర్వమే ఏదేని టీకా వేసియున్నయెడల, ఆ టీకాలోని ప్రోటీనునే పాత్రలో కలిపినచో దానిని ఎఱిగిన కణములు మాత్రమే లేచును. కనుక లేపునది మారినచో పలికెడి కణమును మారును. కణము మారినచో వెలువడు సందేశమును మారును.

ఒకటి మొదలు మూడు దినముల పిమ్మట పాత్రలోని ద్రవమును సెంట్రిఫ్యూజు యంత్రమున గిఱ్ఱున త్రిప్పగా కణములు అడుగున పేరుకొని, పైని తేటనీరు నిలుచును. ఈ పైతేటలోనే సందేశములన్నియు కలిసియుండును. ఇప్పుడు అసలు ప్రశ్న పుట్టును: ఈ తేటలో నున్నది ఏది? ఒకటియా, పదియా? వానిలో ఏది ఏ పని చేయుచున్నది?

ఏల కష్టము?

ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పుట నాలుగు కారణములచేత కష్టము. మొదటిది పరిమాణము: ఒక మిల్లీలీటరు తేటలో ఈ ప్రోటీనులు పికోగ్రాముల లెక్కన ఉండును, గ్రామును లక్షకోట్ల భాగములు చేసినచో అందొక భాగము పికోగ్రాము. రెండవది, వేఱువేఱు ప్రోటీనులు ఒకే పనిని చేయుచుండును. మూడవది, ఒకే ప్రోటీను పలుచోట్ల పలుపనులు చేయును. నాలుగవది, ఒకదానిని మఱియొకటి పెంచుటయు అణచుటయు కలదు.

మన సీమనుండియే యొక దృష్టాంతము చెప్పవచ్చును. కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి ప్రాంతములలో తొలకరివాన కురిసిన పిమ్మట జనులు పొలములలో వజ్రములకై వెదకుట మనమెఱిగినదే. మెఱయు రాయి దొరికినంతనే గాజుముక్కపై గీసి చూచి, గీత పడినచో “ఇది వజ్రమే” యని సంతోషించువారు కలరు. కాని పలుగురాయియు గాజును గీయును! గాజును గీయలేని రాయి వజ్రము కాదనుట నిశ్చయము. గీయగలిగిన రాయి వజ్రమేయనుట నిశ్చయము కాదు. ఒక పరీక్ష కొన్నిటిని త్రోసివేయగలదు గాని మిగిలినదానికి పేరు పెట్టజాలదు. సైటోకైనుల చరిత్రయంతయు ఈ సూక్ష్మమును నేర్చుకొన్న చరిత్రయే.

మొదటి పరీక్ష: ఆమ్లము

1957లో లండనునగరమున మిల్ హిల్ పరిశోధనాలయమందు అలిక్ ఐజాక్సు, జీన్ లిండెన్‌మన్ అనువారు కోడిగ్రుడ్డులోని పొరను చచ్చిన ఇన్‌ఫ్లూయెంజా వైరసుతో తాకించి, ఆ పొర వెలువరించిన యొక పదార్థము ఇతర పొరలను వైరసునుండి కాపాడుచున్నదని కనుగొనిరి. దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరిడిరి. 1965లో వీలాక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు మానవుల తెల్లకణములను చిక్కుడుగింజలనుండి తీసిన మఱియొక ప్రోటీనుతో లేపి, వానినుండి వెలువడిన ద్రవముకూడ వైరసును అడ్డుచున్నదని చూచెను. పని ఒకటే, మఱి పదార్థమును ఒకటేనా?

దీనిని తేల్చుటకు ఆమ్లము తోడ్పడెను. మొదటి తెగ ఇంటర్‌ఫెరాన్‌ను పి.హెచ్. 2 గల పుల్లని ద్రావణమున నుంచి మరల సమస్థితికి తెచ్చినను దాని శక్తి పోదు. వీలాక్ చూచిన పదార్థము ఆమ్లమున నశించెను; వేడికిని అంతగా తాళలేకపోయెను. కాన అది వేఱు పదార్థమని తేలెను. నేడు మనము ఇంటర్‌ఫెరాన్-గామా యనుచున్నది ఇదియే. లేపిన ప్లీహ టి కణములు వెలువరించు ముఖ్యసందేశములలో ఇదియొకటి.

అయితే ఆమ్లపరీక్షతోనే తృప్తిపడుట తగునా? తగదు. లూపస్ అను వ్యాధి గల కొందఱి రక్తమునందు ఆమ్లముచేత నశించు ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా కలదని 1982లో ప్రకటింపబడెను. ఆమ్లమునకు నశించినంతమాత్రమున గామాయని పేరు పెట్టియుండినచో ఆ చోట పొరబాటగును. గాజుపై గీత కథయే ఇచ్చటను!

రెండవ పరీక్ష: బ్రతికియున్న కణమే త్రాసు

కొన్ని జాతుల కణములు ఒక నిర్ణీతమైన సైటోకైను లేనిదే బ్రతుకజాలవు. 1976లో మోర్గన్, రుసెట్టి, గాలో అనువారు మానవ టి కణములను దీర్ఘకాలము పెంచగల యొక పదార్థమును వెల్లడించిరి. అదియే తరువాత ఇంటర్‌ల్యూకిన్-2 అయ్యెను. చుంచెలుకనుండి తీసిన సి.టి.ఎల్.ఎల్. అను కణములు ఈ పోషణ లేనిచో ఒకటి రెండు దినములలో చచ్చును. వీనికి ప్లీహకణముల పైతేటను పోసినప్పుడు అవి ఎంత పెరిగినవో చూచి, తేటలో ఇంటర్‌ల్యూకిన్-2 ఎంత గలదో లెక్కింపసాగిరి. ఇది మిక్కిలి సున్నితమైన త్రాసు. కాని చుంచెలుక ఇంటర్‌ల్యూకిన్-4 సైతము ఆ కణములను కొంతవఱకు పెంచునని పిమ్మట తెలిసెను. త్రాసు నిజమే చెప్పినది. కాని ఆ తూకము ఏ సరకుదో చెప్పలేదు.

ఇట్లే ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టరు, లింఫోటాక్సిన్ అను రెండు ప్రోటీనులును ఒకే జాతి కణములను చంపును. ఒకే గ్రాహకములను పట్టుకొనును. చచ్చిన కణములను లెక్కించుటవలన చంపినది రెండిటిలో ఏదో తెలియదు.

మూడవ పరీక్ష: ప్రతిరక్షకము

ఈ చిక్కును విడదీసినది ప్రతిరక్షకము. 1975లో కేంబ్రిడ్జిలో జార్జి కోలర్, సీజర్ మిల్‌స్టైన్ అనువారు చుంచెలుక ప్లీహమునందలి బి కణమును క్యాన్సరు కణముతో కలిపి, ఒకే విధమైన ప్రతిరక్షకమును అంతులేకుండ తయారుచేయు కణజాతిని సృజించిరి. ఇందులకై వారికి 1984లో నోబెల్ బహుమానము లభించెను. చిత్రమేమనగా ప్లీహకణముల సందేశములను గుర్తించు సాధనమును ప్లీహకణములనుండియే పుట్టెను!

ఇట్టి ప్రతిరక్షకము ఒక్క ప్రోటీనును మాత్రమే పట్టి దాని పనిని ఆపగలదు. దీనితో చేయు తర్కము విద్యార్థులు తేలికగా గ్రహింపదగినది. ఈ క్రింది అంకెలు నేర్చుకొనుటకై వేసిన లెక్కయేగాని ప్రయోగఫలితములు కావు. పైతేటను మాత్రము పోసినప్పుడు సి.టి.ఎల్.ఎల్. కణముల పెరుగుదల 100 అనుకొందము. ఇంటర్‌ల్యూకిన్-2ను ఆపు ప్రతిరక్షకమును కలిపినప్పుడు 30 అయినది. ఇంటర్‌ల్యూకిన్-4ను ఆపుదానిని కలిపినప్పుడు 70 అయినది. రెండును కలిపినప్పుడు 2 అయినది. దేనినీ ఆపని యొక సంబంధములేని ప్రతిరక్షకమును కలిపినప్పుడు 99 అయినది.

దీనినుండి ఏమి తెలియును? తేటలో రెండు సందేశములును కలవు. ఈ పెరుగుదలకు రెండే కారణములు, మూడవది లేదు. తగ్గుదల ప్రతిరక్షకము యొక్క నిజమైన గుఱివలననే గాని దానిని కలుపుటవలన కలిగిన చెఱుపు కాదు. చివరి అంకె లేకున్నయెడల మొదటి మూడును నమ్మదగినవి కావు. తరువాత శుద్ధమైన ఇంటర్‌ల్యూకిన్-2ను వేఱుగా తెచ్చి పోసి, అదే పని జరుగునా యని చూడవలెను. ఉన్నదానిని తీసివేసినప్పుడు పని ఆగవలెను. శుద్ధమైనదానిని చేర్చినప్పుడు పని జరుగవలెను. ఈ రెండును కుదిరినప్పుడే పేరు పెట్టుట న్యాయము.

నాలుగవ పరీక్ష: రంగు

1971లో స్టాక్‌హోమునగరమున ఎంగ్వాల్, పెర్ల్‌మన్ అనువారు ఎలీసా యను పద్ధతిని ప్రకటించిరి. సైటోకైనులకు దీనినిట్లు వాడుదురు. 96 చిన్న గుంటలు గల పళ్లెము నడుగున ఒక ప్రతిరక్షకమును అంటింతురు. పైతేటను పోయగా కావలసిన ప్రోటీను దానికి చిక్కుకొనును. మిగిలినదంతయు కడిగివేయుదురు. ఆ ప్రోటీనునే వేఱొకచోట పట్టుకొను రెండవ ప్రతిరక్షకమును, దానికి తగిలించిన ఎంజైముతోకూడ పోయుదురు. మరల కడిగి రంగునిచ్చు పదార్థమును చేర్చగా, ప్రోటీను ఎంత గలదో అంత రంగు వచ్చును. తెలిసిన పరిమాణముల శుద్ధప్రోటీనును ప్రక్క గుంటలలో నుంచి ఆ రంగులతో పోల్చి లెక్క కట్టుదురు. దొంగను ఇద్దఱు సాక్షులు వేఱువేఱు గుర్తులచే పోల్చినట్లు, ఇచ్చట రెండు ప్రతిరక్షకములు రెండు తావుల పట్టుకొనుటచే పొరబాటు తగ్గును.

అయినను ఎలీసా ప్రోటీను ఉనికిని చూపునేగాని దాని శక్తిని చూపదు. చెడిపోయి పనిచేయలేని ప్రోటీనుకును రంగు రావచ్చును. బ్రతికియున్న కణము శక్తిని చూపును గాని పేరు చెప్పదు; రంగు పేరు చెప్పును గాని శక్తిని చూపదు. అందుచేత వివేకియైన పరిశోధకుడు రెండిటిని కలిపి చూచును.

ఏ కణము పలికెను?

పైతేట పదికోట్ల కణములు కలిసి పలికిన పలుకు. అందు ఎవరి మాట యేదియో తెలిసికొనుటకు మఱి రెండు ఉపాయములు కలవు. ఎలీస్పాట్ అను పద్ధతిలో కణములను ప్రతిరక్షకము పూసిన పొరమీదనే నిలిపెదరు. సందేశము వెలువడిన చోటనే చిక్కుకొని చుక్కగా కనబడును. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క కణమునకు గుర్తు. రెండవ ఉపాయమున సందేశము వెలికి పోకుండ మందువేసి ఆపి, కణము లోపలనే దానికి వెలుగునిచ్చు రంగు పట్టించి, యంత్రముచే ఒక్కొక్క కణమునే లెక్కింతురు.

1986లో అమెరికాలో టిమ్ మోస్‌మన్, రాబర్టు కాఫ్‌మన్, వారి సహచరులు ఒక్కొక్క టి కణమునుండి వేఱువేఱుగా పెంచిన సంతతులను పరీక్షించి, చుంచెలుకలలో సహాయక టి కణములు రెండు తెగలని చూపిరి. ఒక తెగ ఇంటర్‌ల్యూకిన్-2ను, ఇంటర్‌ఫెరాన్-గామాను వెలువరించును. మఱియొకటి ఇంటర్‌ల్యూకిన్-4ను వెలువరించును. మొదటిది కణముల లోపల దాగు సూక్ష్మజీవులపై పోరునకును, రెండవది పురుగులపై పోరునకును, ఉబ్బసము వంటి వ్యాధులకును సంబంధించినదని తరువాత తెలిసెను. సందేశములను సరిగా వేఱుపఱచినందుననే ఈ రహస్యము బయల్పడెను.

పాటింపవలసిన జాగ్రత్తలు

కాలము నొకటి చూడవలెను. ఇంటర్‌ల్యూకిన్-2 మొదటి దినముననే హెచ్చుగా వెలువడి, పిమ్మట ఆ కణములే దానిని త్రాగివేయుటచే తగ్గిపోవును. ఇంటర్‌ఫెరాన్-గామా రెండు మూడు దినములవఱకు కూడుకొనుచుండును. మూడవనాడు మాత్రమే చూచినవాడు “ఇంటర్‌ల్యూకిన్-2 పుట్టలేదు” అనిన అది తప్పగును, పుట్టినది, వ్యయమైపోయినది.

లేపిన పదార్థమును మఱువరాదు. కాంకనవాలిన్-ఏ పైతేటలో మిగిలియుండి, త్రాసుగా వాడు కణములను తానే లేపవచ్చును. అందుచేత దానిని పట్టి ఆపు యొక చక్కెరజాతి పదార్థమును కలుపుదురు. బాక్టీరియాల లైపోపాలిసాకరైడు కంటికి కనబడక ద్రావణములలో చేరి మ్యాక్రోఫేజులను లేపును. దానికి పాలిమిక్సిన్-బి అను మందు విరుగుడు. లేపని కణముల తేటను, కణములే లేని వట్టి ద్రవమును ప్రక్కన నుంచి పోల్చి చూచుట ఎల్లప్పుడును అవశ్యము.

జాతిభేదము నెఱుగవలెను. మానవుని ఇంటర్‌ఫెరాన్-గామా చుంచెలుక కణములపై పనిచేయదు. చుంచెలుకలో చూచినదానిని మనుష్యునియందు మరల నిరూపింపక చెప్పరాదు. మనుష్యుల విషయమున ప్లీహమునకు మాఱు రక్తమునందలి లింఫోసైటులను వాడుదురు. తర్కము మాత్రము ఒక్కటే.

పేర్ల గొడవ

పనినిబట్టి పేరు పెట్టినందున కలిగిన గందరగోళము నిట చెప్పవలెను. 1979లో స్విట్జర్లాండులోని ఎర్మటింగెన్ గ్రామమున శాస్త్రజ్ఞులు కూడి, ఒకే పదార్థమునకు వేఱువేఱు ప్రయోగశాలలు పెట్టిన పలు పేర్లను తీసివేసి, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-2 అను పేర్లను నిర్ణయించిరి. ఒకరు బి కణములను ప్రేరేపించునదనియు, మఱియొకరు ఇంటర్‌ఫెరాన్ బీటా-2 అనియు, వేఱొకరు కాలేయకణములను ప్రేరేపించునదనియు పిలిచినది ఒకే ప్రోటీనని జన్యువును చదివిన పిమ్మట తెలిసెను; అదియే ఇంటర్‌ల్యూకిన్-6. రోగిని కృశింపజేయు “కకెక్టిన్”, కంతులను చంపు “ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టరు” ఒకటేయని 1985లో వెల్లడియయ్యెను. అచ్చట ఒకదానికి పలు పేర్లు; ఇంటర్‌ఫెరానుల విషయమున పలువానికి ఒకే పేరు. రెండును గుర్తును పేరుగా పొరబడుటవలననే కలిగినవి.

మదనపల్లెనుండి చూచినచో

ఇదంతయు దూరదేశముల ప్రయోగశాలల మాటయేగాని మనకేమి లాభమని కొందఱు అడుగవచ్చును. కడప జిల్లాలో చేరియుండి 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరిన మదనపల్లెను తలచుకొందము. అచ్చట ఆరోగ్యవరమున పలు మిషనులు కలిసి నెలకొల్పిన క్షయ వైద్యశాల 1915లో తెఱువబడెను. డెన్మార్కుదేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాని మొదటి అధికారి. 1948లో భారతదేశమున బి.సి.జి. టీకా మొదట వేయబడినది ఈ మదనపల్లెలోనే.

టీకాకు ముందు ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేసెడివారు. ముంజేతి చర్మములోనికి క్షయ సూక్ష్మజీవి ప్రోటీనులను కొద్దిగా ఎక్కించి, 48 మొదలు 72 గంటల పిమ్మట వాపును కొలుతురు. ఆ వాపు ఏమి? క్షయ సూక్ష్మజీవిని పూర్వమెఱిగిన టి కణములు అచ్చటికి చేరి ఇంటర్‌ఫెరాన్-గామా మొదలగు సందేశములను వెలువరించుటయే. పాత్రలో జరుగుపని ముంజేతిమీద జరుగుచున్నదన్నమాట. అయితే బి.సి.జి. వేయించుకొన్నవారికిని వాపు రావచ్చును. వాపు ఒక గుర్తు; అది నిజముగా క్షయ సోకినదా, టీకా ఫలమా యని చెప్పదు.

ఇప్పుడు దీనికి పరిష్కారము దొరికినది. క్షయ సూక్ష్మజీవిలో ఉండి బి.సి.జి.లో లేని ఇసాట్-6, సి.ఎఫ్.పి.-10 అను ప్రోటీనులతో రోగి రక్తకణములను పాత్రలో లేపి, వెలువడిన ఇంటర్‌ఫెరాన్-గామాను ఎలీసాచేతనో ఎలీస్పాట్‌చేతనో కొలుతురు. లేపునది ఏదో, వెలువడినది ఏదో రెండును స్పష్టముగా తెలిసినందున టీకా వేఱు, సోకుడు వేఱు అని విడదీయ వీలయ్యెను. కాని సోకిన సూక్ష్మజీవి నిద్రించుచున్నదా, వ్యాధిగా మారినదా యనుట ఈ పరీక్షకును తెలియదు. దానికి కఫపరీక్ష, ఎక్స్‌రే మొదలగునవి వలయును.

సందేశముల భేదము ప్రాణములతో ముడిపడినదని రెండు సంగతులు చాటుచున్నవి. 1996లో ఇంటర్‌ఫెరాన్-గామా గ్రాహకము పుట్టుకతోనే లోపించిన పిల్లలను వైద్యులు వర్ణించిరి. ఇతరులకు హానిచేయని బి.సి.జి. వంటి సూక్ష్మజీవులే అట్టి బిడ్డలకు మృత్యుకారకములయ్యెను. అనగా ఈ ఒక్క సందేశమునకు బదులుగా వేఱొకటి నిలువలేకపోయెను. మఱియు కీళ్లవాతమునకు ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టరును ఆపు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అను ప్రతిరక్షక ఔషధము మిక్కిలి మేలు చేసెను. కాని ఆ మందు పుచ్చుకొన్నవారిలో 70 మందికి క్షయ బయల్పడినట్లు 2001లో ప్రకటింపబడెను. కీళ్లలో మంట పెట్టు ఆ సందేశమే ఊపిరితిత్తులలో క్షయ సూక్ష్మజీవిని చెఱబెట్టి కాయుచుండెను. కావలివానిని తొలగింపగా ఖైదీ బయటికి వచ్చెను. ఈ సంగతి తెలిసినందుననే నేడు అట్టి మందు నిచ్చుటకు ముందు వైద్యులు క్షయకై పరీక్ష చేయుదురు. క్షయ విరివిగానున్న మన దేశమున ఈ జాగ్రత్త మఱింత ముఖ్యము.

నేర్వదగిన నీతి

విద్యార్థులారా! ఈ పాఠమునందలి పేర్లన్నియు మీకు జ్ఞాపకముండకపోయినను చింత లేదు. ఈ క్రమమును మాత్రము మనస్సున నిలుపుకొనుడు. ఒక ఫలము కనబడినంతనే కారణమునకు పేరు పెట్టకుడు. ఆ కారణమును తొలగించి చూడుడు. శుద్ధముగా చేర్చి చూడుడు. సంబంధములేనిదానిని చేర్చి ఏమియు జరుగదని చూడుడు. వేఱు మార్గమున మరల కొలిచి చూడుడు. నాలుగు సాక్ష్యములును ఏకమైనప్పుడు పేరు చెప్పుడు.

తలిదండ్రులకును ఒక మనవి. బిడ్డకు జ్వరము వచ్చినదనియో, కడుపున బల్ల తగిలినదనియో మీకు తోచిన రోగము పేరు పెట్టి, తోచిన మందు పోయకుడు. గుర్తును చూచుట మీ పని. రక్తపరీక్ష చేయించి పేరును తేల్చుట వైద్యుని పని. గాజుపై గీతను చూచి పలుగురాయిని వజ్రమనుకొనినవానికి పోవునది కొంత ధనము మాత్రమే. రోగము విషయమున పొరబడినచో పోవునది తిరిగి రాదు.